చెరువు ప్రాజెక్టులో అరవై మంది విద్యార్థులు: ఎవరు ఏం నేర్చుకున్నారో ఎలా తెలుసుకోవాలి?

హిందూపురం_టీచర్ (బెంగళూరు):

నమస్కారం. బెంగళూరు ఉత్తర భాగంలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో, సివిల్ విభాగంలో పాఠాలు చెబుతున్నాను. నా తరగతిలో అరవై మంది. అందులో సగానికి పైగా మనవాళ్ళే: అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి పీజీ హాస్టళ్ళలో ఉంటున్న పిల్లలు. ఈ సెమిస్టర్‌లో పర్యావరణ ఇంజినీరింగ్ ఇంటర్నల్ మార్కుల్లో కొంత భాగం ప్రాజెక్టుకు కేటాయించుకునే అవకాశం నాకు దొరికింది. ఆ అవకాశాన్ని వృథా పోనివ్వకూడదన్నది నా పట్టుదల.

ఎందుకంత పట్టుదల అంటే, మన దగ్గర ప్రాజెక్టు అన్న మాటకు విలువ లేకుండా పోయింది. బైండింగు చేసిన నివేదిక, పనిచేసే మోడల్, వైవాలో (మౌఖిక పరీక్షలో) చెప్పాల్సిన జవాబులు అన్నీ కలిపి అమ్మే దుకాణాలు పెద్ద నగరాలన్నింటిలో ఉన్నాయని అందరికీ తెలుసు. నేను చూసిన రెండు చివరి ఏడాది నివేదికల్లో పట్టికలు దశాంశ స్థానాలతో సహా ఒకటే. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, బాధ ఉంది. వేరుశనగ వేసి, వాన కోసం ఆకాశం వైపు చూసి, అప్పు చేసి ఫీజు కట్టిన ఇంటి పిల్లవాడు ఒక్క నీటి నమూనా కూడా తన చేత్తో తీయకుండా ఇంజినీరు అయిపోతున్నాడు.

నేను అనుకున్నది ఇది. జక్కూరు చెరువు మాకు దగ్గర. తెలియనివారి కోసం చెబుతున్నాను: ఆ చెరువుకు ఎగువన మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. అక్కడ శుద్ధి అయిన నీరు నేరుగా చెరువులో కలవదు. జమ్ము, నీటి మొక్కలు పెరిగే ఒక కృత్రిమ చిత్తడి నేల గుండా ప్రవహించి, ఆ తర్వాత చెరువులో చేరుతుంది. పైన అల్లాలసంద్ర చెరువు, కింద రాచేనహళ్ళి చెరువు; మన సీమలో ఉన్నట్టే గొలుసుకట్టు. నేను బోర్డు మీద రాసే బీఓడీ (నీటిలోని మురుగును సూక్ష్మజీవులు కుళ్ళబెట్టడానికి పట్టే ఆక్సిజన్), కరిగిన ఆక్సిజన్, నత్రజని, భాస్వరం అన్నీ అక్కడ కళ్ళెదుట ఉన్నాయి. అయిదుగురు చొప్పున పన్నెండు బృందాలు. ఫోనులో ఫారం నింపి కొలతలు నమోదు చేయడం, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో మ్యాపు గీయడం, ఉపగ్రహ చిత్రాలతో పోల్చడం, చివరికి నివేదిక.

నా సందేహాలు. అయిదుగురిలో ఒకరే పని చేసి నలుగురు పేరు రాయించుకుంటే నాకు ఎలా తెలుస్తుంది? అందరికీ ల్యాప్‌టాప్ లేదు. కొందరికి ఫోను ఒక్కటే. వాళ్ళు వెనకబడకుండా ఏం చేయాలి? 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత నివేదికలన్నీ ఒకే తీరుగా, ఒకే నునుపుతో వస్తున్నాయి; వాటికి మార్కులు వేయడంలో అర్థం కనబడటం లేదు. ఇలాంటిది చేయించినవారు, చేసినవారు దయచేసి వివరంగా రాయండి.

---

మ్యాపుల_శ్రీను (ఇందిరానగర్):

మేడం, నేను మ్యాపుల పనిలో ఉన్నాను. కొత్తగా చేరే ఇంజినీర్లకు పని నేర్పేది నేనే కాబట్టి, కళాశాలలో ఏది జరగక వాళ్ళు ఇబ్బంది పడుతున్నారో రోజూ చూస్తుంటాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు ప్రశ్నను బిగించండి. 'జక్కూరు చెరువు నీటి నాణ్యత అధ్యయనం' అన్నది శీర్షిక మాత్రమే, దానికి జవాబు ఎక్కడైనా దొరుకుతుంది. 'చిత్తడి నేలలోకి నీరు వచ్చే చోట, అది దాటి చెరువులో కలిసే చోట, చివర చెరువు నిండి నీరు బయటికి పొర్లే అలుగు దగ్గర, ఒకే గంటలో తీసిన నీటిలో తేడా ఎంత?' అని అడగండి. దీనికి జవాబు ఈ నెలలో ఆ చెరువు దగ్గర నిలబడి తెచ్చుకోవాల్సిందే. ఏ దుకాణంలోనూ దొరకదు, ఏ యంత్రమూ రాసి ఇవ్వదు. మీ మూడో సందేహానికి సగం జవాబు ఇక్కడే ఉంది.

'ఒకే గంటలో' అని ఊరికే అనలేదు. నాచు ఎక్కువగా ఉన్న చెరువులో పగలు కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ పెరుగుతుంది, రాత్రంతా ఆ నాచే దాన్ని వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు అన్నింటికంటే తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. ఒక బృందం ఉదయం ఆరింటికి, ఇంకో బృందం మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి వచ్చి, రెండు కొలతలనూ పక్కపక్కన పెడితే అది చిత్తడి నేల గురించి ఏమీ చెప్పదు, సూర్యుడి గురించి చెబుతుంది. కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం స్నానానికి పనికొచ్చే నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు, చేపలు బతకడానికి కనీసం 4 మిల్లీగ్రాములు ఆక్సిజన్ ఉండాలి. మధ్యాహ్నం కొలిచి 'చేపలకు ఢోకా లేదు' అని రాసే విద్యార్థి, చేపలు చచ్చేది తెల్లవారుజామున అని తెలుసుకోవాలి. ఇంకొక సంగతి: సముద్రమట్టంలో 25 డిగ్రీల దగ్గర నీరు పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకు 8.2 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ అది 7.4 దగ్గరే ఆగుతుంది. పుస్తకంలోని పట్టికను ఉన్నదున్నట్టు ఎత్తి రాసేవారు ఇక్కడ వెంటనే దొరికిపోతారు.

ఇక ఉపకరణాలు. కొలతల నమోదుకు ఓడీకే అనే ఉచిత ఫారం యాప్ గానీ, దాని మీదే కట్టిన కోబోటూల్‌బాక్స్ గానీ వాడండి. 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఓడీకే మొదలైంది. సిగ్నల్ లేకపోయినా ఆండ్రాయిడ్ ఫోనులో పనిచేస్తుంది. నెట్ దొరికినప్పుడు పంపుతుంది. ప్రతి నమోదుకూ సమయం, స్థానం, ఫొటో జతపడేట్టు ఫారం తయారు చేయవచ్చు. ఎవరి ఫోనులో వాళ్ళు, ఎవరి పేరుతో వాళ్ళు నింపాలి. ఇది తప్పనిసరి చేయండి.

ఫోను జీపీఎస్ ఆరుబయట అయిదు మీటర్ల తేడాతో చెబుతుంది. చెట్ల కింద, భవనాల పక్కన ఇంకా ఎక్కువ తేడా వస్తుంది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క పది మీటర్లు. ఈ రెండు అంకెలూ పిల్లల తలలో ఉంటే, 'అలుగు రెండు మీటర్లు జరిగింది' లాంటి వాక్యాలు నివేదికలో రావు.

మ్యాపులో తప్పనిసరిగా వచ్చే తప్పు ఒకటి ముందే చెబుతాను. మ్యాపుల్లో దూరాలను మీటర్లలో లెక్కించడానికి భూమిని నిలువు పట్టీలుగా విభజించే పద్ధతి యూటీఎం. ఆ మండలాల్లో 78 డిగ్రీల రేఖాంశం ఒక హద్దు. దానికి పడమర 43వ మండలం, తూర్పున 44వది. బెంగళూరు, అనంతపురం 43లో పడతాయి. కోలారు, కడప, తిరుపతి, చెన్నై 44లో. ఇంటికి వెళ్ళినప్పుడు ఊరి చెరువును కూడా కొలిచి అదే ఫైలులో కలిపేస్తే లెక్కలన్నీ గందరగోళం. ఫైలు తెరిచిన మొదటి రోజే ఇది చెప్పండి.

ఉపగ్రహ చిత్రాల విషయంలో ఒక హెచ్చరిక. నీటిని గుర్తించడానికి అందరూ వాడే ఎన్‌డీడబ్ల్యూఐ సూచిక ఆకుపచ్చ, సమీప పరారుణ కాంతుల తేడా మీద నడుస్తుంది. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువు దానికి పచ్చిక బయలులా కనబడుతుంది. అంటే లెక్క ప్రకారం చెరువు 'ఎండిపోయింది', నిజానికి నీరు నిండుగా ఉంది. బెళ్ళందూరు పాత చిత్రాలు తీసి చూపించండి. నగరంలోకెల్లా పెద్ద చెరువు అది, 2017 ఫిబ్రవరిలో మంటలు లేచింది దాని మీదే. తెర మీది రంగుకూ నేల మీది నిజానికీ ఉన్న దూరం ఒక్క పీరియడ్‌లో అర్థమవుతుంది. నా మట్టుకు డిజిటల్ ఉపకరణాలతో నేర్పాల్సిన అసలు పాఠం ఇదే. బొత్తాలు ఎక్కడ నొక్కాలో తర్వాత ఎవరైనా నేర్పుతారు.

---

నందలూరు_ప్రవీణ్ (మారతహళ్ళి):

మేడం, మీ తరగతిలో ఇప్పుడు కూర్చున్న పిల్లల్లాగే నేనూ కడప జిల్లా నుంచి వచ్చి ఇక్కడే చదువుకున్నాను. ఇంజినీరింగ్ మొదటి రెండేళ్ళు నాకు ఫోను మాత్రమే ఉండేది. ఆ కోణం నుంచి రెండు మాటలు.

ఎవరు పని చేశారో తెలుసుకోవడానికి అందరూ కలిసి ఆన్‌లైన్‌లో నింపే షేర్డ్ షీటులో మార్పుల చరిత్ర చూడమని చాలామంది సలహా ఇస్తారు. ఏ గడిని ఎవరు ఎప్పుడు మార్చారో అందులో కనబడుతుంది, నిజమే. కానీ అది చూపించేది టైపు చేసినవారిని. మా బృందంలో ఒకరికే ల్యాప్‌టాప్ ఉండేది. బురదలో దిగి బాటిళ్ళు నింపింది, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది, ల్యాబులో అటెండర్‌ను బతిమాలి సాయంత్రం దాకా టైట్రేషన్ చేసింది ముగ్గురం. షీటులో ఉన్నది మాత్రం ల్యాప్‌టాప్ ఉన్న మిత్రుడి పేరు. అతను మంచివాడే, అతనే వెళ్ళి సారుకు చెప్పాడు. కానీ ప్రతి బృందంలోనూ అలాంటివాడు ఉండాలని లేదు. మార్పుల చరిత్ర చూసి మార్కులు వేస్తే కంప్యూటర్ ఉన్న ఇంటి పిల్లలకే మార్కులు వెళ్తాయి. దయచేసి దాన్ని ఒక్కదాన్నే నమ్మవద్దు.

శ్రీను గారు చెప్పినట్టు ఎవరి ఫోనులో వాళ్ళు ఫారం నింపడం సరైన పద్ధతి. దాంతోపాటు పనులు వారం వారం మారాలి. ఈ వారం నీరు తీసినవారు వచ్చే వారం ల్యాబులో, ఆ పై వారం మ్యాపు దగ్గర. కంప్యూటర్ పని కళాశాల ల్యాబులోనే, మీ పీరియడ్‌లోనే జరగాలి. పీజీలో రాత్రి చేసుకు రమ్మంటే అది ల్యాప్‌టాప్ ఉన్నవాడి పని అయిపోతుంది.

భాష సంగతి కూడా చూడండి. మన పిల్లల్లో చాలామందికి కన్నడ రాదు. చెరువు దగ్గర చేపలు పట్టేవారితో, గడ్డి కోసుకునేవారితో మాట్లాడాలంటే బెదిరిపోతారు, దూరంగా నిలబడి ఫొటో తీసుకుని వచ్చేస్తారు. ప్రతి బృందంలో కన్నడ మాట్లాడే విద్యార్థి ఒకరైనా ఉండేట్టు మీరే బృందాలు వేయండి. పిల్లలకు వదిలేస్తే మనవాళ్ళు మనవాళ్ళతోనే చేరతారు. నేను కన్నడ నేర్చుకున్నది అలాంటి ఒక ప్రాజెక్టులోనే. ఉద్యోగంలో నాకు అది ఎంత పనికొచ్చిందో చెప్పలేను.

---

వేళచ్చేరి_లక్ష్మి (చెన్నై):

నేనూ అధ్యాపకురాలినే, చెన్నైలో. మా ఇంట్లో తెలుగు, తరగతిలో తమిళం, ఇంగ్లీషు. పై సలహాలన్నీ మంచివే కానీ నాకు ఒక భయం ఉంది, అది నేరుగా చెప్పాలి.

ఫారం యాప్, క్యూజీఐఎస్, ఉపగ్రహ చిత్రాలు, షేర్డ్ షీటు: ఒక్క సెమిస్టర్‌కు ఇన్ని ఎందుకు? ఇన్‌స్టాల్ కాలేదని, పాస్‌వర్డ్ మరిచిపోయామని, ఫైలు తెరుచుకోవడం లేదని మొదటి నెల గడిచిపోతుంది. ఆ తర్వాత ఇంటర్నల్ పరీక్షలు. ఇక చెరువు దగ్గరికి వెళ్ళేది ఎప్పుడు? అరవై మందికి అన్నిటికీ సాయం చేయాల్సింది మీరొక్కరే. పైగా మీకు మిగతా సబ్జెక్టులు, అక్రెడిటేషన్ ఫైళ్ళు ఉండనే ఉంటాయి.

మా పిల్లలతో నేను సెక్కీ డిస్కుతో మొదలుపెడతాను. ఇరవై సెంటీమీటర్ల గుండ్రటి పలక, నాలుగు భాగాలు చేసి నలుపు తెలుపు రంగులు వేసి, గుర్తులు పెట్టిన తాడు కట్టి నీటిలోకి దించడం. ఎంత లోతులో కనబడకుండా పోతుందో అదే కొలత. 1865లో ఇటలీలో ఆంజెలో సెక్కీ అనే ఖగోళ శాస్త్రవేత్త మొదలుపెట్టినది ఇప్పటికీ సరస్సుల శాస్త్రంలో వాడుతున్నారు. పిల్లలే వర్క్‌షాపులో చేసుకుంటారు. అదే పలకను అదే చోట ఇద్దరు దించితే రెండు అంకెలు వస్తాయి. మేఘం పట్టినప్పుడు ఒకటి, ఎండలో ఒకటి. అప్పుడు వాళ్ళంతట వాళ్ళే 'మేడం, ఎన్నిసార్లు కొలవాలి?' అని అడుగుతారు. ఆ ప్రశ్న పిల్లల నోటి నుంచి వచ్చాక షీటు ఎందుకో, సగటు ఎందుకో ఎవరూ వివరించనక్కరలేదు.

ఆక్సిజన్‌కు కూడా ఖరీదైన మీటర్లు కొనకండి. కెమిస్ట్రీ ల్యాబులో వింక్లర్ పద్ధతి ఉంది కదా. 300 మిల్లీలీటర్ల సీసాలో గాలి బుడగ చేరకుండా నీరు పట్టి, చెరువు గట్టునే మాంగనీసు సల్ఫేట్, క్షార అయొడైడ్ వేసి ఆక్సిజన్‌ను కట్టిపడేయాలి. ఆ గోధుమ రంగు మడ్డి తేరుకోవడం చూసిన పిల్లవాడికి 'కరిగిన ఆక్సిజన్' అన్నది ఇక బట్టీ పట్టే మాట కాదు. ఎక్కడ తప్పు జరగగలదో కూడా చేతికి తెలుస్తుంది. మీటరు తెర మీద అంకె చూపితే ఆ అనుమానమే పుట్టదు.

నా సలహా: యాప్ ఒక్కటి, షీటు ఒక్కటి. మ్యాపు ఆసక్తి ఉన్నవారికి వదిలేయండి.

---

మ్యాపుల_శ్రీను (ఇందిరానగర్):

లక్ష్మి గారూ, ఉపగ్రహ చిత్రాలు వదిలేయడానికి నేను ఒప్పుకుంటాను. అది మేడం ఒక పీరియడ్‌లో తెర మీద చూపించినా చాలు. మ్యాపును మాత్రం వదలనివ్వను. ఎక్కడ నిలబడి నీరు తీశారో గీసి చూపించలేనివారికి మీరు చెప్పిన కొలతలు ఎంత జాగ్రత్తగా చేసినా ఉపయోగం సగమే. మూడు చుక్కలు, నీరు పారే దారి, ఉత్తరం గుర్తు, స్కేలు. అంతే. ఒక మధ్యాహ్నం పని. ఐఐటీ బాంబే నడిపే స్పోకెన్ ట్యుటోరియల్ వారి క్యూజీఐఎస్ వీడియో పాఠాలు ఉచితంగా ఉన్నాయి, ల్యాబులో ఒక్కో పాఠం పెట్టి పక్కన చేయించవచ్చు.

సెక్కీ డిస్కు గురించి మీరు చెప్పింది మాత్రం బంగారం. మా కొత్త ఇంజినీర్లకు కూడా చేయిస్తాను.

---

రిటైర్డ్_ఈఈ (రాజాజీనగర్):

అమ్మా, నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పదవీ విరమణ తర్వాత పిల్లల దగ్గర ఇక్కడే ఉంటున్నాను. కంప్యూటర్ విషయాలు పైన తెలిసినవారు చెప్పారు. చెరువు గురించి నేను చెబుతాను.

కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువు ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించాడు. 1369 నాటి శాసనం ఉంది, సంస్కృతంలో. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో రాసి ఉంది. అంతకంటే ముఖ్యమైనది, మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలు, చెరువుకు రాకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. దోషాలు ఇవి: కట్ట నుంచి నీరు ఊరిపోవడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు మధ్య మెట్ట ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం.

ఈ ఆరింటినీ కాగితం మీద రాసి ఇచ్చి పిల్లలను కట్ట మీద నడిపించండి. ఏ దోషం ఇక్కడ ఉంది, ఎలా చెప్పగలవు, ఆధారం చూపించు. మూడో దోషాన్ని ఇవాళ్టి బెంగళూరుకు అన్వయించమనండి. నీరు ఒక శాఖది, నేల ఇంకొక శాఖది, మురుగు మరొకరిది, చుట్టూ కట్టే ఇళ్ళకు అనుమతి ఇచ్చేది వేరొకరు. ఈ చెరువుకు సంబంధించి ఎవరి బాధ్యత ఏమిటో ఒక్క పేజీలో గీసి తెమ్మనండి. ఇంజినీరుకు బీఓడీ ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం. ఉద్యోగంలో చేరాక ఇది ఎవరూ నేర్పరు, దెబ్బలు తింటూ తెలుసుకోవాలి.

ఇంకొకటి. మీ దగ్గర ఉన్న సీమ పిల్లలను తక్కువగా చూడకండి. తూము ఏమిటో, మరవ ఏమిటో, కట్ట లోపలి వైపు రాతి పరుపు ఎందుకో వాళ్ళ తాతలను అడిగితే చెబుతారు. చాలామంది పిల్లలు ఆ మాటలు చిన్నప్పుడు విన్నవాళ్ళే. ఇంగ్లీషులో ప్రెజెంటేషన్ అనగానే నోరు కట్టుకుపోతుంది. వైవాలో కొంతసేపైనా తెలుగులో, కన్నడలో మాట్లాడనివ్వండి. ఎవరికి ఎంత తెలుసో అప్పుడు బయటపడుతుంది.

---

హిందూపురం_టీచర్ (బెంగళూరు):

అందరికీ నమస్కారం. ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు, మనసు నిండింది. పెద్దాయన రాసిన ఆరు దోషాలను ఈ ఉదయమే చదివి వినిపించాను. పోరుమామిళ్ళ పక్క ఊరి అమ్మాయి ఒకతె లేచి ఆ చెరువు కింద తమకు పొలం ఉందని చెప్పింది. ఈ సెమిస్టర్‌లో ఆ అమ్మాయి గొంతు తరగతి అంతటికీ వినబడటం ఇదే మొదలు.

ఇలా చేయబోతున్నాను. ఉపగ్రహ చిత్రాలు పిల్లల పనిలోంచి తీసేశాను, నేనే చూపిస్తాను. మ్యాపు ఉంటుంది, ల్యాబు పీరియడ్‌లోనే. బృందాలు నేనే వేస్తాను, ప్రతి దాంట్లో కన్నడ వచ్చినవారు ఉంటారు. పనులు వారం వారం మారతాయి. ఫారం ఎవరి ఫోనులో వాళ్ళు నింపుతారు; ఫోను పాతదైతే విభాగం ఫోను ఇస్తాను. నీళ్ళలోకి దిగడం నిషేధం, బకెట్టుకు తాడు కట్టి గట్టు మీది నుంచే తీయాలి, చేతికి గ్లౌజులు. చెరువు చూసే కార్యాలయం నుంచి అనుమతి పత్రం అడిగాను. మనుషులతో మాట్లాడేటప్పుడు పేర్లు, ఫోను నంబర్లు రాసుకోకూడదని చెప్పాను. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది కూడా కాబట్టి ఈ అలవాటు ఇప్పటి నుంచే పడాలి.

ముడి కొలతల షీటును ఎవరూ ముట్టుకోరు. దిద్దుబాట్లన్నీ రెండో షీటులో. ఏ కొలతనైనా వదిలేస్తే పక్కన కారణం రాయాలి. నివేదిక రెండు పేజీలే, దానికి మార్కులు కొద్దిగా మాత్రమే. ఎక్కువ మార్కులు వైవాకు. వైవాలో బృందాన్ని అడగను, ఒక్కొక్కరినే పిలిచి, ఆ విద్యార్థి పేరుతో నమోదైన కొలత ఒకటి తెర మీద పెట్టి అడుగుతాను: ఇది తీసినప్పుడు ఎక్కడ నిలబడ్డావు? ఈ అంకెను నమ్మవచ్చా? దీన్ని ఎందుకు ఉంచావు, దాన్ని ఎందుకు తీసేశావు? చాట్‌జీపీటీతో నివేదిక రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఈ ప్రశ్నలకు జవాబు మాత్రం ఆ గట్టు మీద నిలబడినవారి దగ్గరే ఉంటుంది.

మా విభాగంలో ఒకరు 'అరవై మందికి విడివిడిగా వైవా అంటే మీ ఆరోగ్యం పోతుంది' అన్నారు. డెన్మార్క్‌లో ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం 1974లో పెట్టినప్పటి నుంచి బృంద ప్రాజెక్టుల మీదే నడుస్తోంది. బృందంగా పరీక్ష పెట్టడాన్ని అక్కడి ప్రభుత్వం 2007 నుంచి కొన్నేళ్ళు ఆపించి, తర్వాత మళ్ళీ అనుమతించింది. బృందంగా పరీక్ష జరిగినా మార్కులు మాత్రం ఎవరివి వాళ్ళకే ఇస్తారు. అంత అనుభవం ఉన్నచోట కూడా ఇది తేలిక కాలేదు. కాబట్టి కష్టమని తెలిసే దిగుతున్నాను. మనిషికి పది నిమిషాలు, మూడు నాలుగు రోజులు పడుతుంది, పడనివ్వండి.

ఒక్క సాయం కావాలి. వైవాలో నాతోపాటు కూర్చోవడానికి కళాశాల బయటి మనిషి ఒకరు కావాలి. మార్కులు వేయనక్కరలేదు, ప్రశ్నలు అడిగితే చాలు. బయటివారు వస్తున్నారని తెలిస్తే పిల్లలు ఇంకో రకంగా సిద్ధమవుతారు.

---

నందలూరు_ప్రవీణ్ (మారతహళ్ళి):

శనివారం అయితే నేను వస్తాను మేడం. ఫారం తెలుగు, కన్నడ అనువాదాలు కూడా నేను చూసి పెడతాను, పంపండి.

---

రిటైర్డ్_ఈఈ (రాజాజీనగర్):

నేనూ వస్తానమ్మా. గదిలో తెర ముందు కూర్చోబెట్టవద్దు. ఉదయం పూట కట్ట మీద నడుస్తూ అడుగుతాను, ఇద్దరిద్దరు పిల్లలను నాతో పంపండి. మోకాళ్ళ నొప్పి ఉంది, నిదానంగా నడుస్తాను; వాళ్ళకు ఆలోచించుకోవడానికి సమయం దొరుకుతుంది. తేదీ ఒక వారం ముందు చెబితే చాలు.